గార్డు విప్పిన గ్రైండర్ నా చేతికి ఇవ్వొద్దు

నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకి మొదట చెప్పేది ఒక్కటే. గ్రైండర్‌కి డిస్క్ మార్చాలన్నా, డిస్క్‌ని కప్పి ఉంచే ఇనుప రేకుని, అంటే గార్డుని, తిప్పాలన్నా ముందు ప్లగ్ పీకాలి. స్విచ్ ఆఫ్‌లోనే ఉంది కదా సార్ అంటారు. అది చాలదు. ఇనుము కోయడానికీ అరగదీయడానికీ చేత్తో పట్టుకునే చిన్న యాంగిల్ గ్రైండర్లలో చాలావాటికి ముందుకు జరిపే స్విచ్ ఉంటుంది. ఒకసారి జరిపి నొక్కితే అక్కడే పట్టుకుని ఉండిపోతుంది. పని మధ్యలో కరెంటు పోయిందనుకోండి. మిషన్ ఆగింది కదా అని బల్ల మీద పెట్టి అవతలికి వెళ్తాం. కరెంటు రాగానే అది మనిషి లేకుండానే తిరగడం మొదలుపెడుతుంది. దీన్ని ఆపే ఏర్పాటు అన్ని మిషన్లలో ఉండదు. చెయ్యి వదిలితే ఆగిపోయే ప్యాడిల్ స్విచ్ ఉన్న మిషన్ కొనమని నేను అందరికీ చెప్పేది అందుకే.

ఇక డిస్క్ సంగతి. దాని మీద అచ్చేసిన అంకెలు చదవకుండా బిగించేవాళ్లని చాలామందిని చూశాను. నాకు నిజంగా భయమేసేది అక్కడే. మామూలు 4 అంగుళాల గ్రైండర్ ఖాళీగా తిరిగేటప్పుడు నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. దానికి సరిపోయే 100 మిల్లీమీటర్ల డిస్క్ మీద గరిష్ఠ వేగం 15,200 దరిదాపుల్లో ఉంటుంది. అంటే అంచు సెకనుకు 80 మీటర్లు పరుగెత్తినా తట్టుకోవాలి. గంటకు 288 కిలోమీటర్లన్నమాట. అదే 7 అంగుళాల డిస్క్ తీసి చూడండి, 8,500 దగ్గరే ఆగిపోతుంది. డిస్క్ మీది అంకె మిషన్ మీది అంకె కంటే ఎప్పుడూ తక్కువ కాకూడదు.

పెద్ద డిస్క్ అయితే లోతుగా కోస్తుందని చిన్న మిషన్‌కి దాన్ని తగిలించే అలవాటు కొందరికి ఉంది. డిస్క్‌ని చీల్చే బలం వేగంతో పాటు మామూలుగా పెరగదు, వర్గం లెక్కన పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది. 8,500 కోసం చేసినదాన్ని 11,000 మీద తిప్పితే ఆ బలం ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. పైగా చిన్న మిషన్‌లో పెద్ద డిస్క్ పట్టాలంటే గార్డు విప్పక తప్పదు. డిస్క్ పగిలే అవకాశం పెంచుకుని, పగిలితే ముక్కల్ని ఆపాల్సిన ఇనుప రేకుని మన చేత్తో మనమే తీసేస్తున్నాం. చెక్క కోసే పళ్ల బ్లేడు గ్రైండర్‌కి తగిలించడం ఇంకా ఘోరం. ఆ పళ్లు చెక్కలో ఇరుక్కున్నాయంటే మిషన్ చేతిలో నిలవదు. అలాంటి బ్లేడు ఎవరి మిషన్‌కైనా కనిపిస్తే తీసేసేదాకా నేను అక్కడి నుంచి కదలను.

గార్డు అడ్డమొస్తోందని చెప్పేవాళ్లకి నా జవాబు: తిప్పుకోండి. గార్డు ఉన్నది తిప్పుకునేలానే. లివర్ గానీ స్క్రూ గానీ కొంచెం వదులు చేసి, మూసి ఉన్న భాగం మనవైపు వచ్చేలా పెట్టి మళ్లీ బిగించాలి. ఎలా తిప్పినా పట్టని మూల ఉంటే అది గ్రైండర్ పని కాదు. అక్కడ ఆకురాయి పట్టుకోవాలి, లేదా హాక్సా. పక్క హ్యాండిల్ విషయంలోనూ అంతే. అది లేకుండా ఒంటిచేత్తో పట్టిన మిషన్ తన్నితే ఆపలేం.

డిస్క్ మధ్య రంధ్రం చుట్టూ ఉండే లోహపు రింగు మీద గడువు నెల, సంవత్సరం ఉంటాయి. రెసిన్ అనే జిగురుతో అతికించిన డిస్కులకి సాధారణంగా తయారైనప్పటి నుంచి 3 ఏళ్లు. తేమ తగిలితే ఆ లోపే బలం తగ్గుతుంది. కింద పడిన డిస్క్‌ని నేను వాడను. పగులు కంటికి కనపడకపోవచ్చు. ఇంకొకరు బాగుందని తీసుకోకుండా విరిచి పారేస్తాను. కొత్తది బిగించాక మనుషులకి దూరంగా, డిస్క్ తిరిగే వరసలో ఎవరూ లేకుండా చూసి, ఒక నిమిషం ఖాళీగా తిప్పడం నాకు అలవాటు. లోపం ఉన్న డిస్క్ తరచుగా అప్పుడే బయటపడుతుంది.

మిషన్ ఎందుకు తన్నుతుందో అర్థమైతే సగం భయం పోతుంది. పొడవాటి రాడ్‌కి రెండు చివర్లా ఆధారం పెట్టి మధ్యలో కోశామనుకోండి. కోత లోతయ్యేకొద్దీ రాడ్ కిందికి వంగుతుంది, కోత నోరు మూసుకుంటుంది, డిస్క్ దాంట్లో బిగుసుకుపోతుంది. తిరగాల్సిన బలమంతా మిషన్‌ని వెనక్కి విసురుతుంది. అందుకే రాడ్‌ని వైస్‌లో బిగించి, తెగి పడాల్సిన ముక్కని గాల్లో వదిలేయాలి. అది వంగేకొద్దీ కోత తెరుచుకుంటుంది. కోసే డిస్క్ మందం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లే ఉంటుంది కాబట్టి దాని పక్క భాగంతో వెల్డింగ్ చదును చేయడం అసలు కూడదు. దానికి 6 మిల్లీమీటర్ల గ్రైండింగ్ డిస్క్ వేరే ఉంది. అది కూడా పని మీదికి 15 నుంచి 30 డిగ్రీల వాలుతో ఆనాలి.

బల్లకి బిగించే బెంచ్ గ్రైండర్‌లో అందరూ మర్చిపోయేది సందు. పనిముట్టు ఆనించే రెస్ట్‌కీ రాయికీ మధ్య 3 మిల్లీమీటర్లు, పైన గార్డు అంచున ఉండే నాలుక లాంటి రేకుకీ రాయికీ మధ్య 6 మిల్లీమీటర్లు మించకూడదు. రాయి అరిగేకొద్దీ ఈ సందులు పెరుగుతాయి. సన్నటి ముక్క ఆ సందులోకి జారితే వేలు కూడా దాని వెంటే వెళ్తుంది. అందుకే అక్కడ వదులు గ్లవ్స్ వేసుకోనివ్వను. కొత్త రాయి ఎక్కించే ముందు చెక్క పిడితో మెల్లగా తట్టండి. ఖంగుమని మోగితే మంచిది, డొల్లగా పలికితే పక్కన పడేయండి.

కళ్లకి గాగుల్స్, వాటి మీద ఫేస్ షీల్డ్, చెవులకి ప్లగ్‌లు. మామూలు కళ్లజోడు చాలదు, పక్క నుంచి రవ్వ వస్తుంది. రవ్వలు ఎటు పడుతున్నాయో చూసుకుని అటువైపు గుడ్డలు, థిన్నర్, రంపపు పొట్టు ఏమీ లేకుండా తీసేయాలి. పనయ్యాక కనీసం అరగంట అక్కడే ఉండి పొగ వాసన వస్తోందేమో చూడాలి. పొట్టులో దాగిన రవ్వ వెంటనే మండదు, లోలోపల రాజుకుంటూ ఉంటుంది.

చెక్కని గీకి నునుపు చేసే సాండర్ చూడ్డానికి సాధువు. గుండ్రటి ఆర్బిటల్ సాండర్‌ని చెక్క మీద ఆనించాకే స్విచ్ వేయండి, లేకపోతే గాల్లో వేగమందుకుని చెక్క మీద గుండ్రటి గాట్లు పెడుతుంది. నొక్కి పట్టొద్దు, దాని బరువు చాలు. బెల్ట్ సాండర్‌కి మాత్రం లెక్క తిరగబడుతుంది. ఆనించి స్విచ్ వేస్తే మిషన్ ముందుకు పరుగెడుతుంది. బెల్ట్ లోపలి బాణం గుర్తు చూసి వేసుకుని, గాల్లో తిప్పాకే మెల్లగా దించాలి.

సాండర్‌తో అసలు ప్రమాదం దుమ్ము. చెక్క దుమ్ము మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి గ్రూపులోనే చేర్చింది. ముక్కుకి కట్టుకున్న చేతిరుమాలు ఆ సన్నటి దుమ్ముని ఆపదు. ఎన్95 లాంటి మాస్క్ ముఖానికి బిగుతుగా ఉండాలి, మిషన్‌కి వాక్యూమ్ తగిలించాలి, కాగితం రంధ్రాలు ప్యాడ్ రంధ్రాలతో సరిగ్గా కలవాలి. కలవకపోతే వాక్యూమ్ ఎంత లాగినా దుమ్ము గదిలోనే ఉంటుంది. పాత తలుపులకి వేసిన రంగులో సీసం ఉండొచ్చు. పరీక్షించకుండా ఆ రంగుని మిషన్‌తో పొడిగా గీకకండి, ఇంట్లో చిన్న పిల్లలుంటే మరీ. ఇనుము గీకిన సాండర్ సంచిలోకే చెక్క దుమ్ము పట్టకండి, అందులో మిగిలిన రవ్వ దుమ్ముని రాజేస్తుంది. రోజూ పని దిగేటప్పుడు ఆ సంచిని బయట లోహపు డబ్బాలో ఖాళీ చేసి మూత పెట్టండి. రాత్రంతా వర్క్‌షాప్ లోపల వదిలేయొద్దు.