ఆకు బొమ్మ ముందుంటుంది, అసలు సంగతి వెనకుంటుంది

పోయిన నెల మా చిన్నమ్మ బిడ్డ పెళ్ళి సామాను కొనడానికి నకిరేకల్ నుంచి వచ్చి మా ఇంట్లో రెండు రోజులుంది. చీరలకు ఒక పూట పట్టింది, మేకప్ సామానుకు మిగతాదంతా పట్టింది. నల్లగొండ ప్రకాశం బజార్‌లో ఒక ఫ్యాన్సీ షాపులో ఆకుపచ్చ డబ్బా నా చేతిలో పెట్టి "అక్కా, గిది తీసుకుందామా, నాచురల్ అని రాసుంది సూడు" అంది. డబ్బా మీద పెద్ద తులసాకు బొమ్మ. వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాలు, అదీ వెండి రంగు మీద తెల్లగా, చదవకుండా ఉండాలనే అచ్చేసినట్టు. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూశాను. ఆముదం, రెండు రకాల మైనం, మూడు రంగులు, సువాసన, అన్నిటికంటే ఆఖర్న తులసి. గుడిలో తీర్థంలో వేసినంత తులసి కూడా ఇందులో ఉండదే అంటే షాపాయన మొహం అటు తిప్పుకున్నాడు.

లిప్‌స్టిక్‌లో ఆముదం ఉండటం తప్పేం కాదు, అది అందులో మామూలుగా వాడేదే. నా గొడవ ఆ ఆకు బొమ్మతోనే. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ ఉంటే అది ముందు రాయాలి, తక్కువ ఉన్నది తర్వాత రాయాలి, అది రూలు. ఒక శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాటిని మాత్రం చివర్లో వాళ్ళకు నచ్చిన వరసలో రాసుకోవచ్చు. ఆ ఒక శాతం గీత ఎక్కడుందో డబ్బా మీద ఎవరూ గీసిపెట్టరు కాబట్టి నేనొక గుర్తు పెట్టుకున్నాను: ఫినాక్సీ ఇథనాల్. క్రీములు, ఫౌండేషన్లు పాడైపోకుండా వేసే మందు అది, ఒక శాతానికి మించి వాడకూడదు. దాని తర్వాత కలబంద, కుంకుమపువ్వు, గులాబీ, చందనం అని ఎన్ని పేర్లు వరసగా కనిపించినా అవి దాదాపుగా చిటికెడు లెక్కే. చాలాసార్లు డబ్బా ముందు బొమ్మగా ఉండేది సరిగ్గా ఆ చిటికెడే.

ఆయుర్వేద లైసెన్సుతో అమ్మే వాటిలో ఇంకో తిరకాసు ఉంది. ప్రతి 10 గ్రాముల్లో మంజిష్ఠ ఇంత, యష్టిమధు ఇంత అని మిల్లీగ్రాములతో సహా ముచ్చటగా రాసి, కింద "క్రీమ్ బేస్ క్యూ.ఎస్." అని రెండు ముక్కలతో వదిలేస్తారు. క్యూ.ఎస్. అంటే కావలసినంత అని. నువ్వు మొహానికి పూసుకునే దాంట్లో తొంభై పాళ్ళు ఆ కావలసినంతలోనే ఉండొచ్చు, ఆ బేస్‌లో ఏముందో మాత్రం రాయరు. మొత్తం జాబితా ఇవ్వని డబ్బాను నేను ఎంత మంచి పేరున్నదైనా పక్కన పెట్టేస్తాను.

ఈ పిచ్చి నాకు ఊరికే పట్టలేదు, అమ్మ నుదుటి నుంచి పట్టింది. చాలా ఏళ్ళు అమ్మ ఒకే సైజు ఎర్ర స్టిక్కరు పెట్టుకునేది, అద్దం మీద అతికించి మళ్ళీ తీసి మళ్ళీ పెట్టుకునేది. ఒకరోజు తలస్నానం చేసి వచ్చి కూర్చుంటే బొట్టు ఉండాల్సిన చోట బఠాణీ గింజంత తెల్లమచ్చ కనిపించింది, స్టిక్కరును గీసి కత్తిరించినంత గుండ్రంగా. ఇంట్లో బొల్లి అనే మాట ఎవరూ గట్టిగా అనలేదు గానీ అందరి మనసులో అదే, పెళ్ళి కావాల్సిన నా గురించి కూడా కలిపి. చర్మ డాక్టరు మచ్చ కంటే ముందు స్టిక్కర్ల ప్యాకెట్ తెచ్చి చూపించమన్నాడు. స్టిక్కరు వెనక జిగురులో పారా టర్షియరీ బ్యుటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటే అది చర్మానికి రంగునిచ్చే కణాలను చంపుతుందట. ఆ ప్యాకెట్ మీద ధర తప్ప ఏమీ లేదు, తయారుచేసిన ఊరు పేరు కూడా లేదు.

సరే, స్టిక్కరు మానేసి కుంకుమకు మారింది. అదైతే మనదే కదా అనుకున్నాం. జాతర నుంచి తెచ్చిన మెరిసే ఎర్ర కుంకుమ పెట్టుకుంటే వారంలో దురద మొదలు. పసుపుకొమ్ములకు నిమ్మరసం, వెలిగారం పట్టించి ఎండబెట్టి దంచిన కుంకుమ వేరు, ఏదో తెల్లపొడికి ఫ్యాక్టరీ రంగు కలిపి కాగితం పొట్లంలో కట్టింది వేరు. పేరు రెంటికీ కుంకుమే. ఇప్పుడు అమ్మ ఇంట్లో చేసిందే పెడుతుంది, అది కొంచెం మట్టి రంగులో ఉంటుంది, చూసినవాళ్ళు "గదేం కుంకుమ అమ్మా" అంటారు.

అట్లాగని చెట్టు నుంచి వచ్చిందంతా మంచిదని నేననను. మా చిన్నమ్మ వాళ్ళకు నిమ్మతోట ఉంది, ఇంట్లో నిమ్మకాయకు కొదవ లేదు, పెళ్ళికి రంగు తేలాలని ఈ పిల్ల నెల రోజులుగా నిమ్మచెక్క మొహానికి రుద్దుతోంది. నిమ్మజాతి కాయల్లో ఉండే కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు అవుతుంది, ఆ మచ్చలు నల్లగా నెలల తరబడి ఉంటాయి. మన ఎండల్లో నిమ్మరసం రాసుకుని బస్టాండుకు పోవడమంటే ఇంకేం చెప్పాలి. బుగ్గ మీద ఉన్న గోధుమరంగు చార ఏంటే అంటే "గదే పోవాలనే రుద్దుతున్న అక్కా" అంది!

రంగుల దగ్గరకొస్తే నాచురల్ అనే మాట పూర్తిగా తలకిందులవుతుంది. లిప్‌స్టిక్ డబ్బా మీద కార్మైన్ అనో సీఐ 75470 అనో (సీఐ అంటే రంగులకిచ్చే నంబరు) కనిపిస్తే అది అచ్చమైన సహజ ఎరుపే, కాకపోతే నాగజెముడు మీద బతికే చిన్న పురుగులను ఎండబెట్టి తీసింది. శనివారం కోడిగుడ్డు కూడా ముట్టని మా అత్తయ్య ఇష్టంగా వాడే షేడ్‌లో అదే ఉంది, నేను ఇప్పటిదాకా చెప్పలేదు, చెప్పే ధైర్యమూ లేదు. వీగన్ అని, అంటే జంతువుల నుంచి తీసిందేదీ లేదని రాసిన ఎరుపు చాలావరకు ఫ్యాక్టరీ రంగు. ఇక మినరల్ మేకప్ అంటూ ఫౌండేషన్‌లో వేసే ఎరుపు, పసుపు, నలుపు ఛాయలు ఐరన్ ఆక్సైడ్లు, సీఐ 77491, 77492, 77499. వినడానికి మన ఎర్రమట్టిలాగే ఉంటుంది గానీ మట్టి తవ్వి తీసినదాంట్లో సీసం, ఆర్సెనిక్ లాంటివి కలిసి వస్తాయని వాటిని ల్యాబ్‌లోనే తయారుచేస్తారు. అమెరికాలో అయితే రూలే అట్లా ఉంది. ఇక్కడ ల్యాబ్‌లో చేసిందే మేలు, నాకు దాంతో ఏ పేచీ లేదు.

పారాబెన్ ఫ్రీ అన్న స్టాంపు చూసి మురిసిపోవడం కూడా నేను మానేశాను. నీళ్ళున్న ఏ క్రీమైనా నిలవ ఉండాలంటే ఏదో ఒక మందు వేయాల్సిందే, పారాబెన్ తీసేస్తే ఇంకోటి వస్తుంది. అట్లా వచ్చిన వాటిలో మిథైల్ ఐసోథయజోలినోన్ ఒకటి. దానికి ఎంతమందికి దద్దుర్లు వచ్చాయంటే 2013లో అమెరికా చర్మ వైద్యుల సంఘం ఒకటి దాన్ని ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది, పూసుకుని కడగకుండా వదిలేసే వాటిలో యూరప్ దాన్ని నిషేధించింది. క్రూయెల్టీ ఫ్రీ అని కుందేలు బొమ్మ వేసి గొప్పలు పోయేవాళ్ళు ఇంకొకరు. మన దేశంలో జంతువుల మీద కాస్మెటిక్స్ పరీక్షలు 2014లోనే నిషేధించారు. చట్టం చేయొద్దన్నది చేయనందుకు మెడల్ ఎందుకో నాకర్థం కాదు.

నిజంగా సర్టిఫికెట్ ఉన్నవి చూడాలంటే కాస్మోస్, నాట్రూ, బీడీఐహెచ్ లాంటి గుర్తులుంటాయి. కోయంబత్తూరు కంపెనీ జ్యూసీ కెమిస్ట్రీకి కాస్మోస్ ఉంది, సోల్‌ట్రీకి జర్మనీ వాళ్ళ బీడీఐహెచ్ ఉంది. అక్కడ కూడా లెక్క తెలుసుకుని కొనాలి: కాస్మోస్‌లో ఆర్గానిక్ అనిపించుకోవాలంటే పూసుకుని వదిలేసే వాటిలో మొత్తం మీద కనీసం 20 శాతం ఆర్గానిక్ ఉంటే చాలు, ఎందుకంటే నీళ్ళను, ఖనిజాలను ఆర్గానిక్ లెక్కలో వేయరు. ఇరవయ్యేనా అని మా చెల్లె నోరు తెరిచింది. కనీసం ఒక లెక్కంటూ ఉంది కదే, మొదట పట్టుకున్న తులసాకు డబ్బాకు ఆ లెక్క కూడా లేదు.

నాకు అసలు భయం పుట్టించేది మాత్రం కౌంటరు కింద నుంచి తీసి ఇచ్చే తెల్లబడే క్రీములు. ఏ భాషో తెలియని అక్షరాలు, హెర్బల్ అన్న ఒక్క మాట మనకు అర్థమయ్యేలా. బయటి దేశం నుంచి పద్ధతిగా వచ్చినదైతే దిగుమతి చేసినవాళ్ళ పేరు, అడ్రసు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండి తీరాలి, ఇక్కడ చేసిందైతే లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు ఉండాలి. మొహానికి రాసే క్రీముల్లో పాదరసం 10 లక్షల్లో ఒక వంతు దాటకూడదని మన రూలు, ఆ దొంగ డబ్బాలు ఏ రూలూ చూడవు. కేరళలో మలప్పురం జిల్లా కిడ్నీ డాక్టర్లు 2021 నుంచి 2023 మధ్య ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 15 మందిని ఆరా తీస్తే 13 మంది ఇట్లాంటి క్రీములు వాడినవాళ్ళే. వారంలో మొహం తెల్లబడిందంటే నేనైతే సంతోషించను, డబ్బా తీసి చూస్తాను.

చివరికి మేం కొన్నది: ఏ ఆకూ లేని మామూలు కంపెనీ ఫౌండేషన్, సువాసన లేనిది, జాబితా పూర్తిగా ఇచ్చిన లిప్‌స్టిక్ ఒకటి, ఆర్గానిక్ గుర్తున్న కాటుక ఒకటి. నల్లగా పండుతుందన్న మెహందీ కోన్లు వద్దన్నాను, వాటిలో జుట్టు రంగులో వేసే పీపీడీ కలుపుతారు, చేతుల మీద బొబ్బలు లేస్తాయి. గోరింటాకు ఎప్పుడూ నల్లగా పండదు, పెరట్లో చెట్టున్న ఎవరినైనా అడగండి. కొన్న మూడింటినీ మోచేతి లోపలి వైపు కొంచెం కొంచెం రాసి, ఏది ఎక్కడ రాశామో తెలియాలని బాల్‌పెన్నుతో సున్నాలు చుట్టి, వారం పాటు రోజూ అక్కడే రాయమని పంపించాను.

నాలుగో రోజు పొద్దున ఫొటో పంపింది. రెండు సున్నాల్లో ఏమీ లేదు. మూడో సున్నా నిండా ఎర్రటి పొక్కులు, కింద "అక్కా, గిది ఆర్గానిక్ దే" అని.