కెప్టెన్ గారిని అడిగి కూర్చునే సీటు

ఆదివారం, రాత్రి

పొద్దున్నే అరసవల్లి నుంచి అక్క ఫోను చేసింది. ఆదివారం కాబట్టి సూర్యనారాయణస్వామి దర్శనానికి వచ్చే జనంతో వాళ్ళ వీధి తెల్లవారకముందే నిండిపోతుంది. ఆ సందడిని మించి గొంతు పెంచి కొడుకు సంగతి చెప్పింది. వాడు అమెరికాలో ఒక విమాన సంస్థలో ఫస్ట్ ఆఫీసర్, అంటే కెప్టెన్ పక్కన కూర్చునే రెండో పైలట్. కాపురం డల్లాస్‌లో, డ్యూటీ మొదలయ్యేది షికాగోలో. కోడలి ఉద్యోగం డల్లాస్‌లోనే కాబట్టి ఇల్లు మార్చలేదు. డ్యూటీ పడ్డప్పుడల్లా ఏ కంపెనీ విమానంలో చోటుంటే అందులో ఎక్కి షికాగో చేరుకుంటాడు.

ఈసారి మొదటి విమానంలో ఉన్న ఒక్క సీటూ వాడికంటే ముందు వచ్చిన మరో పైలట్‌కు వెళ్ళిపోయింది. రెండోదానిలో బరువు లెక్క సరిపోక కుదరదన్నారు. మూడోదానిలో, కాక్‌పిట్‌లో పైలట్ల వెనక ఉండే మడత సీటు (జంప్‌సీటు) దొరికిందట. అక్కకు ఇది మింగుడుపడలేదు. "అంత చదివి, యూనిఫాం వేసుకుని, పరాయి కంపెనీ కౌంటరు ముందు నిలబడి సీటు అడగాలా? మనవాడికి టిక్కెట్టు కొనుక్కునే స్తోమత లేదా?" అంది. ఆ మాటలో కోపం కన్నా బాధే ఎక్కువ వినిపించింది.

వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. గంటస్తంభం దగ్గర కూరగాయలు కొంటున్నా, మధ్యాహ్నం పదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతున్నా మనసు అక్కడే తిరిగింది.

సాయంత్రం ఏడు దాటాక వాడే ఫోను చేశాడు. అక్కడ ఉదయం. రాత్రి బాగా నిద్రపోయాడట, డ్యూటీ మధ్యాహ్నం. ఫోను స్పీకరులో పెట్టాను. ఎందుకంటే ఈ విషయంలో నాకంటే మావారికి ఆసక్తి ఎక్కువ. ఆయన లోకో పైలట్‌గా పదవీ విరమణ చేశారు. విజయనగరం, రాయగడ మధ్య గూడ్సు బళ్ళు నడిపిన మనిషి. బండి అప్పగించి, రన్నింగ్ రూములో నాలుగు గంటలు నడుం వాల్చి, తిరుగు బండి లేకపోతే ప్యాసింజరులో స్పేరుగా, అంటే బండి నడపకుండా ఊరికే కూర్చుని, ఇల్లు చేరిన రాత్రులు మాకు కొత్త కాదు.

"అయితే మీదీ స్పేరు ప్రయాణమేనా?" అని అడిగారు.

"కాదు బాబాయ్. కంపెనీయే పని మీద నన్ను ఇంకో ఊరికి పంపితే అది మీ స్పేరు. మేం డెడ్‌హెడ్ అంటాం. సీటు ఖాయం, ఆ గంటలు డ్యూటీ కింద లెక్క. జంప్‌సీటులో డ్యూటీకి వెళ్ళడం మాత్రం నా సొంత ప్రయాణం. దానికి జీతం లేదు. వేళకు చేరకపోతే జవాబు చెప్పుకోవలసింది నేనే" అన్నాడు. అందుకే ఒక విమానం తప్పినా ఇంకొకటి అందేలా చాలా ముందుగా బయలుదేరతాడట.

తరువాత వాడు వివరంగా చెప్పినదాన్ని ఇక్కడ రాసిపెట్టుకోవాలనిపిస్తోంది. ముందు గేటు దగ్గర కంపెనీ గుర్తింపు కార్డు, పైలట్ లైసెన్సు చూపించాలి. అక్కడి ఉద్యోగి కంప్యూటర్‌లో వివరాలు సరిచూస్తారు. ఈ మనిషి నిజంగా పైలటేనా, ఈ రోజుకీ ఆ సంస్థలో ఉద్యోగంలో ఉన్నాడా అన్నది అక్కడికక్కడే తేలిపోతుంది. అంతటితో సీటు వచ్చినట్టు కాదు. విమానం ఎక్కి, కాక్‌పిట్ గుమ్మం దగ్గర ఆగి, పేరూ సంస్థా చెప్పి, "మీతో రావచ్చా?" అని కెప్టెన్‌ను అడగాలి. ఆ విమానానికి కెప్టెన్ మాటే ఆఖరు. వద్దంటే కారణం అడగకుండా దిగిపోవాలి. ప్రయాణికుల సీట్లలో ఖాళీ ఉంటే సాధారణంగా అక్కడే కూర్చోబెడతారు. లేకపోతే ఆ మడత సీటు. నిటారుగా, ఇరుకుగా ఉంటుందట. భుజాల మీదుగా పట్టీలు బిగించుకుని, ఆక్సిజన్ మాస్కు ఎక్కడుందో చూసుకుని, హెడ్‌సెట్ పెట్టుకోవాలి. పదివేల అడుగుల లోపు ఎగురుతున్నంతసేపూ పనికి సంబంధం లేని మాట ఒక్కటీ మాట్లాడకూడదు. దగ్గర్లో మరో విమానం కనిపిస్తే మాత్రం తప్పకుండా చెప్పాలి. సీటు ఉచితంగా ఇచ్చారని కళ్ళు మూసుకుని కూర్చోవడానికి లేదు.

నాకు బాగా నచ్చింది గుమ్మం దగ్గర ఆగడం. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కంప్యూటర్ ఒప్పుకుంది, నూటికి తొంభై సార్లు ఆ కెప్టెన్ సరేననే అంటాడు. అయినా అడుగుతారు. మన ఊళ్ళలో పెద్దలు వీధి తలుపు బార్లా తెరిచి ఉన్నా వాకిట్లో నిలబడి, పిలిచి, లోపలి నుంచి రమ్మన్నాకే అడుగుపెట్టేవారు. అది వారికి చిన్నతనం కాలేదు, అవతలివారి ఇంటికి ఇచ్చిన మర్యాద అయింది. విమానంలో ఉన్న ప్రాణాల బాధ్యత అంతా ఆ కెప్టెన్‌ది. అక్కడ అడిగి కూర్చోవడంలో మావాడి పరువుకు వచ్చిన లోటు నాకు కనిపించలేదు.

ఆ నమ్మకం దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. అవి తలుచుకుంటే వణుకు పుడుతుంది. 1994 ఏప్రిల్ 7న మెంఫిస్‌లో బయలుదేరిన ఫెడెక్స్ సరుకుల విమానంలో, ఆ సంస్థ ఉద్యోగే జంప్‌సీటు ప్రయాణికుడిగా ఎక్కి, గిటారు పెట్టెలో దాచి తెచ్చిన సుత్తులతో ముగ్గురు సిబ్బంది మీద పడ్డాడు. తలలు పగిలిన స్థితిలో పోరాడి, వాళ్ళు విమానాన్ని వెనక్కి తిప్పి దించారు. ఆ ముగ్గురూ మళ్ళీ ఆ ఉద్యోగంలో ఎగరలేకపోయారు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత పరాయి సంస్థల పైలట్లకు కాక్‌పిట్ తలుపులు కొన్నేళ్ళు మూతపడ్డాయి. గుర్తింపును అప్పటికప్పుడు సరిచూసే కంప్యూటర్ ఏర్పాటు వచ్చాకే తిరిగి తెరుచుకున్నాయి. 2023 అక్టోబరు 22న, శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తున్న హొరైజన్ సంస్థ విమానంలో, జంప్‌సీటులో ఉన్న అలస్కా ఎయిర్‌లైన్స్ పైలట్ ఒకరు రెండు ఇంజన్లనూ ఆపేసే పిడులను లాగబోయాడు. సిబ్బంది ఇద్దరూ అడ్డుకుని విమానాన్ని పోర్ట్‌లాండ్‌లో దించారు. ఆ మర్నాడు కూడా వేరే విమానాల్లో కెప్టెన్లు తోటి పైలట్లను రమ్మనే ఉంటారు. వాళ్ళ ధైర్యానికి నాకు గౌరవం కలుగుతుంది.

మన దేశంలో 2023లోనే ఇంకో రకం సంగతి జరిగింది. దుబాయి నుంచి ఢిల్లీ వస్తున్న ఎయిర్ ఇండియా విమానంలో పైలట్ తనకు తెలిసిన ఒకరిని కాక్‌పిట్‌లోకి రానిచ్చినందుకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఎయిర్ ఇండియాకు 30 లక్షల రూపాయల జరిమానా వేసింది. వేయడం సబబే. ఆ సీటు స్నేహానికి ఇచ్చేది కాదు.

ఆ మూడో మనిషి ఉండటం మేలు చేసిన రోజులూ ఉన్నాయి. 2018 అక్టోబరు 28 రాత్రి, బాలి నుంచి జకార్తా వస్తున్న లయన్ ఎయిర్ బోయింగ్ 737 మ్యాక్స్ ముక్కు తనంతట తాను కిందికి దిగసాగింది. కాక్‌పిట్‌లో అదనంగా ఉన్న మరో పైలట్, తోక భాగాన్ని కదిపే మోటారుకు కరెంటు ఆపేయమని సూచించాడని తరువాత వార్తా సంస్థలు రాశాయి. విమానం క్షేమంగా దిగింది. మర్నాడు ఉదయం అదే విమానం, వేరే సిబ్బందితో, మూడో మనిషి లేకుండా బయలుదేరి సముద్రంలో కూలింది. 189 మంది పోయారు.

ఇదంతా విని మావారు అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే. "డ్యూటీ ఎక్కేసరికే అలసిపోతే ఎలారా?" ఆయన అడగడంలో న్యాయం ఉంది. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలో బఫెలో దగ్గర కూలిన కోల్గాన్ సంస్థ విమానం కో పైలట్, ముందు రాత్రంతా సియాటిల్ నుంచి సరుకుల విమానాల జంప్‌సీట్లలో ప్రయాణించి డ్యూటీకి చేరింది. ఆ ప్రమాదంలో 50 మంది చనిపోయారు. దాని తరువాతే అక్కడ పైలట్ల విశ్రాంతి నియమాలను తిరగరాశారు. మన దగ్గర 2025లో పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచారు. లోకో పైలట్లు ఏళ్ళ తరబడి అడుగుతున్నదీ వారపు విశ్రాంతే. అందుకే ఆ వార్త వచ్చిన రోజున ఆయన పేపరును రెండుసార్లు చదివారు. మావాడు ముందు రోజే చేరి గదిలో పడుకుంటాడని విన్నాక గానీ ఆయన ముఖం తేటపడలేదు. నా భయం కూడా అప్పుడే కొంత తగ్గింది, పూర్తిగా తగ్గలేదు.

తొమ్మిదింటికి అక్కకు ఫోను చేశాను. నియమాలు చెబితే దాని మనసుకు ఎక్కవని, 1989 జులై 19 నాటి సంగతి చెప్పాను. డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ సంస్థ డీసీ 10 విమానం తోకలోని ఇంజన్ బద్దలై, విమానాన్ని తిప్పే హైడ్రాలిక్ గొట్టాలన్నీ తెగిపోయాయి. అదే సంస్థలో శిక్షకుడైన డెనీ ఫిచ్ ఆ రోజు మామూలు ప్రయాణికుడిగా కూర్చుని ఉన్నాడు. సాయం చేయనా అని కబురు పంపాడు. కెప్టెన్ రమ్మన్నాడు. మిగిలిన రెండు ఇంజన్ల శక్తిని చేతులతో పెంచుతూ తగ్గిస్తూ, వాళ్ళందరూ కలిసి విమానాన్ని సూ సిటీ రన్‌వే దాకా తెచ్చారు. 296 మందిలో 184 మంది బతికారు.

"ఆ సాయం చేసినాయన?" అంది అక్క.

"బతికాడు."

కాసేపు ఊరుకుని, "అంత పెద్దాయన కూడా అడిగే లోపలికి వెళ్ళాడన్నమాట" అంది. తరువాత, మనవాడు దిగేటప్పుడు ఆ కెప్టెన్‌కు దణ్ణం పెట్టాడో లేదో కనుక్కోమంది. పెట్టి, ఇద్దరు పైలట్లకూ థాంక్స్ చెప్పాకే దిగాడట అని చెప్పాను.