నాన్న జేబులో మైనపు బిళ్ల

"ఈ వయసు పిల్లలకు మెడలో గడ్డంటే టీబీయే. దానికి కోత ఎందుకమ్మా?" అన్నాడు కావలిలో మేము మొదట వెళ్లిన డాక్టరు. నాకప్పుడు 16 ఏళ్లు. ముక్క తీసి చూడకుండానే నాలుగు నెలలు టీబీ మాత్రలు మింగించాడు. ఆయన్ని నేను ఇంకా క్షమించలేదు.

ఒక రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడలేదు. గుండెల మీద రుబ్బురోలు పెట్టినట్టు బరువు. దుప్పటి పిండితే చెమట కారేలా ఉంది. అమ్మ నన్ను తన భుజానికి ఆనించుకుని తెల్లవార్లూ కూర్చుంది. కన్ను మూస్తే మళ్లీ తెరవనేమోనని ఆమె భయం. ఆమె గుండె దడదడ నా చెవికి వినబడుతూనే ఉంది.

కత్తి తగిలితే జబ్బు పాకుతుందని పెదనాన్న అడ్డుపడ్డా, నాన్న వినకుండా నెల్లూరులో బయాప్సీ చేయించాడు. లింఫోమా అన్నారు, అంటే లింఫు కణాల క్యాన్సర్. ఏ రకమో తేలాలంటే గడ్డ ముక్కను పొదిగిన మైనపు బిళ్లను చెన్నై తీసుకెళ్లాలట. మే నెల ఎండకు అది కరిగిపోతుందని నాన్న రైలులో దారంతా చొక్కా జేబుకు అరచెయ్యి అడ్డం పెట్టుకునే కూర్చున్నాడు.

అక్కడి పాథాలజీ డాక్టరమ్మ నన్ను పిలిచి మైక్రోస్కోపులో చూపించారు. పెద్ద కణం చుట్టూ గోధుమరంగు ఉంగరం, లోపల ఒక చుక్క. "ఇది సీడీ30 అనే ప్రోటీను, రంగు వేస్తే ఇలా తేలుతుంది. రెండు మూడు రకాల్లో ఇలాగే కనబడుతుంది బాబూ, దీన్నొక్కదాన్నే నమ్మలేం" అన్నారు. సీడీ15 అనే మరో ప్రోటీను కూడా రంగు పట్టింది. సీడీ3, ఏఎల్‌కే పట్టలేదు. పాక్స్5 లేతగా పట్టింది. అన్నీ కలిపి చూసి హాడ్జ్‌కిన్ లింఫోమా అని తేల్చారు. రకాన్ని బట్టి మందులే మారిపోతాయట. రోగి ముఖం చూడకుండానే పని ముగించగల ఆవిడ నాకోసం అరగంట కేటాయించారు. ఆవిడకు రోజూ దండం పెట్టుకుంటాను.

కీమో గురించి రాయను. జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది.

నాకు జబ్బు తేలిన ఏడాది అమ్మ నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె అందుకుంది. కోరిక ఉన్నవాళ్లు అందుకుంటారు, తీరినవాళ్లు ఇస్తారు. మరుసటి ఏడు రొట్టెల పండగకు నేనే నీళ్లలోకి దిగి, రొట్టె ఇవ్వడానికి నిలబడ్డాను. ఒక తల్లి కొంగు పట్టింది. చంకలో పిల్లాడు, మెడ పక్కన నిమ్మకాయంత వాపు. టీబీ మందులు వాడుతున్నామంది.

రొట్టె ఆమె కొంగులో పెట్టి అడిగాను: "గడ్డ ముక్క తీసి పరీక్షకు పంపారా అక్కా?"