స్టాప్ బోర్డు ఆంటీ

న్యూజెర్సీలో క్రాసింగ్ గార్డుని, అంటే బడి పిల్లల్ని రోడ్డు దాటించే మనిషిని, వేసేది బడి కాదు, ఊరి పాలకవర్గం; పని చేయించేది పోలీసు శాఖ. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. కారు తీయమన్నందుకు కోపం వచ్చి "ప్రిన్సిపాల్‌కి చెప్తాం" అంటారు. చెప్పుకోమంటాను. నాకు యూనిఫాం ఇచ్చేదీ, ఏ మూల నిలబడాలో చెప్పేదీ పోలీసు చీఫ్ ఆఫీసు; ఏడాదికోసారి నియామకం పొడిగించేది ఊరి పాలకవర్గం. టికెట్ (చలానా) రాసే అధికారం మాత్రం నాకు లేదు. అది తెలిసినవాళ్లు మరీ మొండికేస్తారు.

పిల్లలిద్దరూ కాలేజీలకి వెళ్లిపోయారు, అప్పటికే పౌరసత్వం కూడా వచ్చింది, సరే అని ఈ పనికి అప్లికేషన్ పెట్టాను. "ఎమ్మెస్సీ చదివి రోడ్డు మీద నిలబడతావా వదినా?" అంది మా ఆడపడుచు. పొద్దున కాసేపు, బడి వదిలేటప్పుడు కాసేపు. మధ్యలో ఇంటికొచ్చి వంట చేసుకోవచ్చు. చూడ్డానికి చిన్న ఉద్యోగమే. కానీ దానికి శిక్షణ ఎంత ఉండాలో చట్టంలోనే రాశారు: కనీసం 2 గంటలు క్లాసులో, 20 గంటలు అనుభవమున్న గార్డు పక్కన, రోడ్డు మీద. నాకు నేర్పిన పెద్దావిడ పోస్టాఫీసులో రిటైరైన మనిషి, మాటలు తక్కువ. వెళ్లగానే నా నీడ ఎటు పడుతోందో చూసుకోమంది. నీడ ఏ కారు వైపు సాగితే ఆ డ్రైవరు కళ్లలో ఎండ కొడుతున్నట్టు, అతనికి నేను కనపడనట్టే లెక్క. క్లాసులో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

చేతిలో ఎర్రటి ఎనిమిది మూలల స్టాప్ బోర్డు, మెడలో విజిల్, ఒంటిమీద మెరిసే చొక్కా చూసి నేను ట్రాఫిక్ నడిపిస్తున్నాననుకుంటారు. అసలు నేను కార్లని "రండి, పోండి" అనకూడదు. కార్ల మధ్య వచ్చే సందు కోసం కాచుకుని, ముందు నేను దిగి, బోర్డు ఎత్తి, డ్రైవరు నన్ను చూశాడని ఖాయం చేసుకున్నాక పిల్లల్ని పిలవాలి. చివరి పిల్ల అవతలి గట్టు ఎక్కాక గానీ నేను కదలకూడదు. ఒక్కొక్క పిల్లకీ ఒక్కోసారి ఆపితే డ్రైవర్లు విసిగిపోయి బోర్డుని లెక్కచేయడం మానేస్తారు. అందుకని పదిమందిని పోగుచేసి ఒకేసారి దాటిస్తాను. "నేను రమ్మనేదాకా అడుగు కిందపెట్టొద్దు" అన్నది పిల్లలు తొందరగానే పట్టుకుంటారు. అమ్మానాన్నలతోనే గొడవ.

తెలుగువాళ్లు మా బడిలో చాలామందే. నేను వాళ్లకి ఆంటీని. "ఆంటీ, ఒక్క నిమిషం!" అని హజార్డ్ లైట్లు వేసి క్రాస్‌వాక్ (నడిచేవాళ్లు రోడ్డు దాటే గీతల దారి) పక్కనే ఆపేస్తారు. కూడలి దగ్గర క్రాస్‌వాక్‌కి 25 అడుగుల లోపు కారు ఆపకూడదని ఇక్కడి చట్టం. ఊరికే పెట్టిన రూలు కాదది. పెద్ద ఎస్‌యూవీ చాటున చిన్నపిల్ల ఉంటే వచ్చే డ్రైవరుకి కనపడదు. ఆ బండి పక్కనుంచి పిల్ల బయటికొచ్చేసరికి, వచ్చే కారుకి తొక్కడానికి బ్రేకు ఉంటుంది గానీ ఆగడానికి చోటుండదు. పరిచయముంది కదా అని మినహాయింపు అడుగుతారు చూడండి, నాకు అక్కడే ఒళ్లు మండుతుంది. పరిచయం నాతో, కారుతో కాదు.

పిల్లలు బడికొచ్చే, వెళ్లే వేళల్లో ఇక్కడ గంటకి 25 మైళ్లు దాటకూడదు. "పది మైళ్లు ఎక్కువైతే ఏమవుతుందండీ?" అని వాదించాడొక కుర్రాడు. డేటా ఎనలిస్టునని తనే చెప్పుకున్నాడు, అందుకని అంకెలే చెప్పాను. ఏఏఏ (అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్) ఫౌండేషన్ 2011లో వేసిన లెక్క: 23 మైళ్ల వేగంతో గుద్దితే నడిచేవాళ్లలో చనిపోయే అవకాశం 10 శాతం, 32 మైళ్లకి 25 శాతం, 42 మైళ్లకి సగానికి సగం. గుద్దకముందు సంగతి ఇంకొకటుంది. 25 మైళ్ల దగ్గర కారు సెకనుకి దాదాపు 37 అడుగులు పోతుంది. ఫోన్‌లో మెసేజ్ మీద మూడు సెకన్లు కళ్లు పెడితే 110 అడుగులు గుడ్డిగా నడిపినట్టు. నా క్రాస్‌వాక్ ముందున్న పసుప్పచ్చ బోర్డు ఎప్పుడు దాటిపోయిందో కూడా తెలియదు. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. ఇప్పుడు నెమ్మదిగానే వస్తున్నాడు, నన్ను చూసినప్పుడైనా.

దూకుడుగా నడిపేవాణ్ణి కనిపెట్టడం తేలిక, దూరం నుంచే తెలిసిపోతాడు. నాకు భయం మర్యాదస్తుడితోనే. మా రోడ్డు అటు రెండు వరసలు, ఇటు రెండు. గట్టు పక్క వరసలో ఒకాయన ఆగి, నవ్వి, పిల్లలకేసి "దాటండి" అని చెయ్యి ఊపుతాడు. 2010 ఏప్రిల్ నుంచి ఈ రాష్ట్రంలో క్రాస్‌వాక్‌లో మనిషి ఉంటే కారు ఆగాలి, ఆగే ఉండాలి. కాబట్టి ఆగడం సరైన పనే. కానీ ఆయన చెయ్యి పక్క వరసలో వచ్చేవాడికి కనపడదు, పైగా ఆయన కారే పిల్లల్ని దాచేస్తుంది. అందుకే మా పిల్లలకి డ్రైవర్ల చేతులు చూడొద్దని చెప్పాను, నా చెయ్యే చూడమన్నాను. ఆయనలాంటివాళ్లు ఒక్కోసారి నొచ్చుకుంటారు కూడా.

వేసవికి ముందు తాతయ్యలు దిగుతారు, మనవల్ని నడిపించుకొస్తారు. రోడ్డు దిగబోతూ ముందు కుడివైపు చూస్తారు, ఇండియాలో ఏళ్ల తరబడి అలవాటు. ఇక్కడ బళ్లు రోడ్డుకి కుడిపక్కన నడుస్తాయి, కాబట్టి మొదట మీదికొచ్చేది ఎడమవైపు కారు. దానికి తోడు ఎర్రలైటు మీద కూడా ఆగి కుడికి తిరిగే వీలుంది. అలా తిరిగే డ్రైవరు మెడ ఎడమకే ఉంటుంది, తన కుడిపక్క గట్టు దిగుతున్న పెద్దాయన్ని చూడడు. ఒకాయనైతే నా బోర్డుతో పనిలేకుండా అరచెయ్యి చూపించి నడిచేశాడు. "అన్నయ్యగారూ, ఆగండి" అంటే, "పర్లేదమ్మా, వాళ్లే ఆగుతారు" అన్నాడు. చెయ్యి పట్టుకున్న మనవడు మాత్రం గట్టు మీదే ఆగి తాతని వెనక్కి లాగాడు.

మంచు కాలం గురించి ఎక్కువ చెప్పను. మంచు తీసే బండి సరిగ్గా మా మూలనే గుట్ట పోస్తుంది, పిల్లలు కోటు హుడ్ తలమీదికి లాక్కుంటే పక్కకి చూపు పోతుంది. హుడ్ దించితేనే దాటిస్తాను, ఏడ్చినా సరే.

నేను అడిగేది ఒకటే: రెండు వీధుల అవతల ఆపుకుని నడిచి రండి. అక్కడ చోటుంటుంది, ఇక్కడ గుంపు తగ్గుతుంది. కిందటి నెల ఒక తల్లికి ఇదే నిదానంగా చెప్పాను. "మీరు చెప్పింది నిజమే ఆంటీ" అంది. మర్నాడు క్రాస్‌వాక్ దగ్గర కనపడలేదు, సంతోషించాను. తీరా చూస్తే ఫైర్ హైడ్రెంట్ (మంటలార్పేవాళ్లకి నీళ్లిచ్చే రోడ్డుపక్క గొట్టం) ముందు ఆపింది. దానికి 10 అడుగుల దూరం ఉండాలన్నది ఇంకో రూలు. ఆ టికెట్ మా సార్జెంటు రాశాడు.