'తీసి, కడిగి, బిగించి' ఇంగ్లీషులో ఎలా రాయాలి?

అనంతపురం వైపు చీనీ తోటల్లో డ్రిప్ ఫిల్టర్ కడిగేదెట్లా అని అడిగితే ఒక్క ఊపిరిలో చెప్పేస్తారు: "మోటరు ఆపి, వాల్వు మూసి, క్లాంపు తీసి, డిస్కులు కడిగి బిగించేయ్." తెలుగులో ఇందులో తప్పేం లేదు. ఏది ముందు, ఏది వెనక అన్నది ఆ 'ఆపి', 'మూసి'లే చెప్తాయి.

కర్ణాటకలోని బళ్లారికో పావగడకో పోయే ఫిల్టరు డబ్బాలో పెట్టే కాగితం కోసం దీన్ని ఇంగ్లీషులో రాసేటప్పుడే చిక్కు. "ఆఫ్టర్ స్టాపింగ్ ది మోటర్ అండ్ క్లోజింగ్ ది వాల్వ్ అండ్ రిమూవింగ్..." అని సాగదీస్తే అసలు పని ఎక్కడో చివర్లో తగులుతుంది. చదివేవాడి చేతులు తడిగా ఉంటాయి, చూపు కాసేపు కాగితం మీద, కాసేపు ఫిల్టరు మీద. ఎక్కడ ఆపాడో మళ్లీ దొరకదు.

కాబట్టి ఆ 'ఆపి', 'మూసి' దగ్గరల్లా కోసేయండి. ఒక్కో ముక్క ఒక్కో స్టెప్పు. మనకు చివర వచ్చే క్రియ అక్కడ మొదట రావాలి: "స్టాప్ ది మోటర్. క్లోజ్ ది వాల్వ్." విమానాల మరమ్మతు పుస్తకాల కోసం యూరప్‌లో తయారైన ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100 అనే నియమావళి, పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదంటుంది. మన ఫిల్టరుకు పది చాలు.

కోశాక ఇంకో లోటు బయటపడుతుంది. 'కడిగి బిగించు' అంటే దేన్ని కడగాలో, దేన్ని బిగించాలో మనం చెప్పం, అర్థమైపోతుంది. ఇంగ్లీషులో "వాష్ అండ్ ఫిట్" అని వదిలేస్తే చదివేవాడు మూతను కడిగి బిగిస్తాడు, లోపల నీళ్లు వడగట్టే డిస్కుల గాడుల్లో మట్టి అట్లే ఉంటుంది. "వాష్ ది డిస్క్స్" అని పేరు పెట్టి రాయాలి.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది 'షుడ్ బి'. "ది వాల్వ్ షుడ్ బి క్లోజ్డ్" అంటే వాల్వు మూయమనా, ఇప్పటికే మూసి ఉండాలనా? తెలుగులో 'మూయాలి', 'మూసి ఉండాలి' అని రెండు వేర్వేరు మాటలున్నాయి. ఇంగ్లీషులో రెండూ ఒకే గుడ్డ కప్పుకుంటాయి. చేయాల్సిన పనైతే "క్లోజ్ ది వాల్వ్", చూడాల్సినదైతే "మేక్ ష్యూర్ దట్ ది వాల్వ్ ఈజ్ క్లోజ్డ్". ఆఫీసు ఉత్తరాల అలవాటుతో వచ్చే 'కైండ్లీ'ని కూడా తీసేయండి. బోల్టుకు మర్యాద అక్కర్లేదు.

హెచ్చరిక ఆ పనికి ముందే ఉండాలి. "ఓపెన్ ది క్లాంప్" అని 4వ స్టెప్పులో రాసి, "బిఫోర్ దట్, రిలీజ్ ది ప్రెషర్" అని 5లో రాస్తే, 5 చదివేలోపు మూత ఎగిరి మొహానికి తగులుతుంది.

'కాసేపు', 'బాగా', 'గట్టిగా' అనేవాటిని కొలతల్లోకి మార్చండి. 'టైట్లీ' అని రాస్తే పానా పట్టి ప్లాస్టిక్ క్లాంపు విరిచేవాళ్లుంటారు. "టైటెన్ బై హ్యాండ్ ఓన్లీ" అని రాయండి. 'చెక్ ది రబ్బర్ రింగ్' కూడా సగమే. చీలి ఉంటే కొత్తది వేయమని పక్కనే ఉండాలి. వాల్వు మెల్లగా తెరవమన్నప్పుడు కారణం కూడా రాయండి, ఒక్కసారిగా తెరిస్తే పైపు జాయింట్లు ఊడతాయని. కారణం తెలిస్తే ఆ స్టెప్పు దాటేయరు.

ఒక వస్తువుకు ఒకటే పేరు. 2లో 'కవర్', 5లో 'లిడ్', 9లో 'క్యాప్' అని రాస్తే మూడు మూతలు వెతుకుతారు. బడి వ్యాసాల్లో మెచ్చుకున్న మాటల వైవిధ్యం ఇక్కడ పనికిరాదు. 'లూజెన్' స్పెల్లింగులో ఒక 'ఓ'నూ చివరి 'ఎన్'నూ మింగేస్తే 'నట్టు పోగొట్టుకో' అని అర్థం వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

రాసింది డ్రిప్ ముఖమే చూడని మనిషికిచ్చి, పక్కన నిలబడి నోరు మూసుకోండి. చెయ్యి ఆగిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత. అక్కడ మీరు మనసులో అనుకుని రాయని మాట ఒకటుంటుంది.

చివరి స్టెప్పు 'స్టార్ట్ ది మోటర్' కాదు. ఫిల్టరుకు ముందూ వెనకా ఉన్న ప్రెషర్ గేజులు చూడమని చెప్పాలి. కడిగాక కూడా రెండు గేజుల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు 0.5 కేజీ దాటి ఉంటే, మోటరు ఆపే 1వ స్టెప్పుకు మళ్లీ పొమ్మని, ఆ నంబరుతో సహా రాయండి.