వెబ్ ఆప్షన్లకు ముందు వేసుకున్న ఇంటి లెక్క

మా తమ్ముడు పాకాల దగ్గర కొద్దిపాటి మామిడి తోట, నాలుగు పాడి ఆవుల మీద సంసారం నడుపుతున్నాడు. అతని కూతురికి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో ర్యాంకు వచ్చిందో లేదో, కాలేజీల పీఆర్వోల ఫోన్లు మొదలయ్యాయి. "అన్నా, ముందు కొంత కట్టి మేనేజ్‌మెంట్ సీటు బ్లాక్ చేసుకోండి, మిగతాది రీయింబర్స్‌మెంట్‌లో సర్దేస్తాం" అని ఒకాయన చెప్పగా తమ్ముడు దాదాపు ఒప్పుకున్నాడు. అది అబద్ధం. యాజమాన్యం నేరుగా నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. ర్యాంకును బట్టి ప్రభుత్వం సీట్లు కేటాయించే కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా సీటు వచ్చి, కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షల రూపాయలు దాటని అర్హులకే ప్రభుత్వం ట్యూషన్ ఫీజు భరిస్తుంది. అందువల్ల ఏ కాలేజీ అనే చర్చ కంటే ముందు, సచివాలయానికి వెళ్లి ఆదాయ ధ్రువపత్రం సంగతి చూసుకోమన్నాను.

ట్యూషన్ ఫీజు తీరినా హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్ మిగిలే ఉంటాయి. పైగా ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే, ముందు మీరు కట్టండి, వచ్చాక తిరిగిస్తామని తల్లిదండ్రులను ఒత్తిడి చేసే యాజమాన్యాలు ఉన్నాయి. నాకు తెలిసిన ఒక కుటుంబం హాల్ టికెట్ కోసం నగలు తాకట్టు పెట్టింది. కనుక కనీసం ఒక సెమిస్టర్ ఫీజు చేతిలో ఉంచుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఈ లెక్కలో ఎక్కువ తేడా తెచ్చేది దూరమే. పాకాల నుంచి తిరుపతికి ఆర్టీసీ పాస్‌తో రోజూ వచ్చిపోయే పిల్లకు హాస్టల్ ఖర్చు ఉండదు. 1959లో మొదలైన తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ) ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ సీటు వస్తుందనుకుంటే, ఊరూపేరూ తెలియని కాలేజీలో కంప్యూటర్ సైన్స్ కోసం దాన్ని వదులుకోవడం నాకు నచ్చదు. మా పాప మాత్రం "అందరూ సీఎస్ఈయే తీసుకుంటున్నారు పెదనాన్నా" అని ఇంకా గునుస్తూనే ఉంది.

ఏర్పేడులో ఐఐటీ ఉన్నా, అది డబ్బున్నవాళ్ల చదువని మా వైపు చాలామంది అనుకుంటారు. నిజానికి ఐఐటీ బీటెక్‌లో ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు, లక్ష రూపాయల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. 1 నుంచి 5 లక్షల మధ్య ఆదాయం ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. ఇక రీయింబర్స్‌మెంట్ పరిమితి దాటినా 8 లక్షల లోపే ఉన్న ఇళ్లలోని ఆడపిల్లలు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్‌కు మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు చేయాలి; ఎంపికైతే ఏడాదికి 50,000 రూపాయలు వస్తాయి.

చివరికి మిగిలింది అప్పు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో హామీదారు, తాకట్టు లేకుండా రుణం దొరుకుతుంది కానీ, ఎంపిక చేసిన సంస్థలకే అది పరిమితం. మా పాప మనసుపడ్డ చెన్నై ప్రైవేటు కాలేజీ ఆ జాబితాలో కనిపించలేదు. బయటి వడ్డీకి తెచ్చి అక్కడ చదివించే స్తోమత తమ్ముడికి లేదు కాబట్టి ఆ పేరు కొట్టేసి, తిరుపతి కాలేజీలను ముందు వరుసలో పెట్టి కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో ఆప్షన్లు ఇచ్చాం.