లౌడన్‌విల్ రైతుబిడ్డ, మన బాస్ కెట్

మన కళాశాల 1919లో అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ ఊళ్ళో మోటారు పనులు నేర్పే బడిగా మొదలైంది. 1926లో జనరల్ మోటార్స్ కార్ల కంపెనీ చేతికి వచ్చి జీఎంఐ (జనరల్ మోటార్స్ ఇన్‌స్టిట్యూట్) అయింది. కెట్టరింగ్ యూనివర్సిటీ అన్న పేరు 1998లో పెట్టారు. మన పూర్వ విద్యార్థుల సమావేశ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు మంచు కష్టాల గురించీ గది వంటల గురించీ ఎలాగూ మిత్రులు రాస్తారు కదా, మన పట్టాల మీద ఉన్న ఆ పేరు గల మనిషి గురించి రాద్దామనిపించింది. పల్నాడులో మిరప, పత్తి పండించే ఇంట్లోంచి వచ్చినవాణ్ణి కాబట్టి, ఆయన కథలో నాకు అన్నిటికంటే దగ్గరగా తోచింది ఆయన పొలం.

'బాస్ కెట్' అని అందరూ పిలిచే చార్లెస్ ఫ్రాంక్లిన్ కెట్టరింగ్ 1876 ఆగస్టు 29న ఒహాయో రాష్ట్రంలో లౌడన్‌విల్ దగ్గర ఒక పొలంలో పుట్టారు. చిన్నప్పటి నుంచీ చూపు బాగా తక్కువ, చదివితే తలనొప్పి. హైస్కూలు చదువు పూర్తయ్యాక కొన్నాళ్ళు ఒకే గది ఉన్న పల్లె బడిలో పంతులుగా పనిచేసి, ఆ తర్వాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరారు. కళ్ళు మొరాయించాయి. చదువు ఆపి, టెలిఫోన్ కంపెనీలో స్తంభాలకు గుంతలు తవ్వే కూలీల జట్టులో చేరారు. వ్యవసాయం చేసిన చేతులకు గుంతలు తవ్వడం కష్టం కాలేదు. అక్కడే టెలిఫోన్ తీగల పని, స్విచ్‌బోర్డుల పని కూడా వంటబట్టింది. మళ్ళీ కాలేజీకి వెళ్ళినప్పుడు తోటి విద్యార్థులు పాఠాలు పైకి చదివితే విని నేర్చుకున్నారు. 1904లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పట్టా చేతికి వచ్చేసరికి ఆయనకు 27 ఏళ్ళు.

ఒక పొలం పిల్లాడు అలా ఇంజనీరు కాగలగడానికి వెనక ఒక చట్టం ఉంది. వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కళాశాలలు పెట్టుకోమని 1862లో అమెరికా ప్రభుత్వం రాష్ట్రాలకు భూములిచ్చింది. ఒహాయో స్టేట్ అలా వచ్చినదే. కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ కూడా అంతే. 1964లో మన రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు చేయూతనిచ్చింది ఆ కాన్సాస్ వాళ్ళే.

పట్టా రాగానే డేటన్ నగరంలో నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో చేరి, దుకాణాల్లో డబ్బు పెట్టెకు కరెంటు మోటారు బిగించారు. ఆ మోటారు పని ఒక్క క్షణమే. సొరుగు తెరుచుకుంటే చాలు, మళ్ళీ మీట నొక్కేదాకా ఊరుకుంటుంది. కాబట్టి చిన్న మోటారైనా ఆ క్షణానికి తాహతుకు మించిన బరువు మొయ్యగలదు, వేడెక్కేలోపే పని అయిపోతుంది.

కారు స్టార్టరుకు మూలం ఇదే. అప్పట్లో కారు ఇంజనును ముందు నిలబడి హ్యాండిల్‌తో తిప్పాలి. స్పార్కు కాస్త ఆలస్యంగా పడేలా వెనక్కి జరపడం మరిచిపోతే హ్యాండిల్ ఎదురు తంతుంది, మణికట్టు విరుగుతుంది. మా నాన్న కాలవ గట్టు మీద ఆయిలింజను తిప్పడం చూసిన నాకు ఆ భయం తెలుసు. ఒక చేత్తో లివరు ఎత్తిపట్టి, రెండో చేత్తో హ్యాండిల్ తిప్పి, చక్రం ఊపందుకోగానే లివరు వదిలేవాడు. ఆ ఒక్క క్షణం మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

కరెంటు మోటారుతో కారు ఇంజను తిప్పాలంటే ఆ మోటారు ఇంజనంత ఉండాలని ఆ రోజుల్లో నిపుణుల వాదన. రోజంతా తిరిగే మోటారుకైతే అది నిజమే. ఇక్కడ తిరగాల్సింది కొన్ని సెకన్లే కదా అన్నారు కెట్టరింగ్. డీడ్స్ అనే సహచరుడి ఇంటి వెనక కొట్టంలో కొందరు స్నేహితులతో కలిసి పనిచేసి, 1911లో తయారు చేశారు. ఇంజను రాజుకున్నాక అదే యంత్రం జనరేటరుగా మారి బ్యాటరీ నింపుతుంది, దీపాలు వెలిగిస్తుంది. 1912 మోడల్ కాడిలాక్ ఆ స్టార్టరుతోనే బజారుకొచ్చింది. ఒకే యంత్రంతో రెండు పనులు చేయించడం నాకు ఎప్పుడు తలచుకున్నా ఆశ్చర్యమే. ఇంట్లో ఉన్న ఒక్క పనిముట్టుతో పదిరకాల పనులు గట్టెక్కించే రైతు బుద్ధి అది అని నేను నమ్ముతాను.

ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది డెల్కో-లైట్. 1916లో వచ్చింది. కిరసనాయిలుతో నడిచే చిన్న ఇంజను, దానికో జనరేటరు, గాజు జాడీల్లో 16 బ్యాటరీలు, మొత్తం 32 వోల్టులు. పట్నాలకు కరెంటు వచ్చినా పొలాలకు తీగ లాగడం గిట్టుబాటు కాదని కంపెనీలు ముఖం చాటేసిన కాలం. 1930ల నడుమ కూడా అమెరికాలో పదింట ఒక రైతు ఇంటికే లైను కరెంటు ఉండేది. పల్లెలకు విద్యుత్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ 1935లో గానీ రాలేదు. అంతకు దాదాపు ఇరవయ్యేళ్ళ ముందే కొట్టంలో పెట్టుకునే ఈ ఇంజను వేల ఇళ్ళలో దీపం వెలిగించింది, బావి నీళ్ళు తోడింది. దీనికి హ్యాండిల్ తిప్పే పని కూడా లేదు, మీట నొక్కితే చాలు. కార్ల మీదే కూర్చుంటే ఆయనకు డబ్బుకు లోటు లేదు. అయినా పొలం వైపు చూశారు.

ఇక సీసం సంగతి. మన కళాశాల పేరు ఆయనది కాబట్టి మనమే ముందు చెప్పాలి. పెట్రోలు ఇంజనులో టకటక చప్పుడు తగ్గించే మందు కోసం జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో ఆయన బృందం వెదికింది. 1921 డిసెంబరులో ఆ బృందంలోని థామస్ మిడ్జ్‌లీ, టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు రసాయనాన్ని పట్టుకున్నారు. ఆల్కహాలు కలిపినా చప్పుడు తగ్గుతుందని ఆ ప్రయోగశాలలోనే తెలుసు. సీసాన్నే ఎంచుకున్నారు, దానికి సీసం మాట లేకుండా 'ఇథైల్' అని పేరు పెట్టారు. 1924లో న్యూజెర్సీలోని బేవే ఫ్యాక్టరీలో అయిదుగురు కూలీలు ఆ విషానికి చనిపోయారు. 1925లో వాషింగ్టన్‌లో జరిగిన సభలో హార్వర్డ్ వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ వద్దని గట్టిగా చెప్పారు. కెట్టరింగ్ ఆ సభలో సీసం పక్షాన నిలబడ్డారు. మన దేశంలో పెట్రోలు బంకుల నుంచి సీసం పూర్తిగా పోవడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది. అన్నాళ్ళూ రోడ్ల పక్కన పెరిగిన పిల్లలు ఆ గాలే పీల్చారు. ఆయన మీద నాకున్న గౌరవం పెద్దది, ఈ బాధా అంతే పెద్దది.

పైగా మనది ఫ్లింట్. 2014 ఏప్రిల్‌లో ఊరికి నది నీళ్ళు మళ్ళించాక పాత పైపుల్లోని సీసం కరిగి కుళాయిల్లోకి వచ్చింది. అక్కడి ఇంజన్ల ఫ్యాక్టరీ, భాగాలు తుప్పు పడుతున్నాయని ఆ అక్టోబరులోనే ఆ నీళ్ళు మానేసింది. ఊరి జనానికి మరో ఏడాది అవే నీళ్ళు. పెట్రోలు సీసానికీ దీనికీ సంబంధం లేదు, నిజమే. కానీ సీసం పిల్లల మెదడుకు ఏం చేస్తుందో మన తరగతి గదుల్లో తప్పకుండా చెప్పాలని నేను కోరేది ఈ రెండూ కలిసి గుర్తొచ్చే.

1930లలో ఆయన పర్యవేక్షణలో రూపుదిద్దుకున్న టూ-స్ట్రోక్ డీజిల్ ఇంజను ఆవిరి రైళ్ళను సాగనంపింది. మన గూడ్సు బళ్ళను లాగే డబ్ల్యూడీజీ-4 రకం రైలింజనులో ఉన్న '710' అనే డీజిల్ ఇంజను ఆ వంశానిదే.

చివరి దశాబ్దాల్లో ఆయన్ని పట్టుకున్న ప్రశ్న మాత్రం మళ్ళీ పొలానిదే: గడ్డి పచ్చగా ఎందుకుంటుంది? బొగ్గయినా పెట్రోలైనా ఒకప్పుడు ఆకు పట్టిన ఎండే కదా, ఆకు చేసే పని మనకు తెలిస్తే ఎలా ఉంటుందని. ఒహాయోలోనే యెల్లో స్ప్రింగ్స్‌లో, ఆంటియాక్ కాలేజీలో దాని మీద పరిశోధనకు తన సొమ్ము పెట్టారు. 1958 నవంబరు 25న డేటన్‌లో కన్నుమూసేనాటికి ఆ పని సాగుతూనే ఉంది.

మన కళాశాల పిల్లలు ఇప్పటికీ సుమారు మూడు నెలలు తరగతిలో, మూడు నెలలు కంపెనీలో పనిచేస్తూ చదువుతారు. ఆ కంపెనీలు ఎక్కువగా కార్లవే. పూర్వ విద్యార్థులం కలిసి, ఆ మూడు నెలలు చిన్న రైతుకు పనికొచ్చే యంత్రం మీద గడిపే ఒక విద్యార్థికి ఏటా ఉపకారవేతనం పెడదామని నా ప్రతిపాదన. ఈ సమావేశంలో చర్చకు తీసుకురండి, నా వంతు నేను సిద్ధం.